దావీదు మాస్టర్ పండ్లు

వరంగల్ల పెండ్లి ఊరేగింపు పోతాంటె, బ్యాండు మేళం ముందట క్లారినెట్ పట్టుకొని నడిచేటాయన దావీదు మాస్టర్ అని తెలిస్తె చాలు, ఆడోళ్లు చేస్తున్న పని ఇడిచిపెట్టి మిద్దెలెక్కేటోళ్లు. పెండ్లి పిలగాన్ని చూసుటానికి కాదు, ఆయన ఊదుడు వినుటానికి. అబద్ధమెందుకు చెప్పాలె, చూసుటానికైతే దావీదుల ఏమున్నది? బక్కపలచటి మనిషి, నల్లటి మనిషి. మీదికెళ్లి పండ్లన్నీ గార. రఘునాథపల్లి దిక్కు ఓ పల్లెల పుట్టిండు. ఆ బాయినీళ్లు తాగి పెరిగిండు గాబట్టి పండ్ల మీద గోధుమరంగు చారలు, చాయ పడ్డ గుడ్డ తీరు. జర ముందుకు కూడ ఉండేటివి. గని ఏం పండ్లవి! చెరుకుగడ లెక్కలేదు, సోడాసీస మూత లెక్కలేదు. యాభైకి దగ్గరపడ్డా ఒక్కటి పుచ్చలే, ఒక్కటి కదలలే.

క్లారినెట్ ఊదెటోనికి పండ్లతోటి ఏం పని అని ఊదనోళ్లు అనుకుంటరు. పై పండ్లు దాని మూతి మీద ఆనాలె. కింది పెదవిని కింది పండ్ల మీదికి మడిచి, దాని మీద రీడును, అదే మూతికుండే పలచటి బద్దను, కూసోబెట్టాలె. ఆ పట్టు కుదిరితేనే ఊపిరి పాటైతది, లేకుంటె ఉట్టి గాలే. మీసాలు రాని ఈడుల దావీదు మొదటిసారి దాన్ని నోట్ల పెట్టుకున్ననాడు, నేర్పే ఉస్తాదు ఆయన గదుమ పట్టుకొని అటిటు తిప్పి చూసి, "నీ పండ్లు దీనికోసమే ముందుకొచ్చినయిరా" అన్నడట. ఊర్లె పోరగాండ్లంత ఎక్కిరించిన పండ్లను ఒకాయన మెచ్చుకునుడు అదే మొదలు.

ఇగ ఆయన బతుకంత ఆ కర్రముక్కతోటే. ఎండల, వానల, దుమ్ముల, తాగి చిందులేసెటోళ్ల నడుమ ఊదిండు. ఊది ఊది ఒక్కగానొక్క బిడ్డ రాహేలును టీచర్ ట్రైనింగు దాంక చదివిపిచ్చిండు. భార్య సారమ్మ రంగశాయిపేటల ఇంటి ముందర్ర కుట్టుమిషన్ పెట్టుకొని తన వంతు తను లాగింది. ఎనభై మూడుల రాహేలుకు హన్మకొండల ఓ ఇంగ్లీషు మీడియం బడిల నౌకరి దొరికింది. పెద్ద పెద్దోళ్ల పిల్లలు చదివే బడి. అక్కడనే హాస్టల్ల ఉండుడు, శనివారం పొద్దుమీకి ఇంటికొచ్చుడు.

ఆ పిల్లకు చిన్నప్పటి సంది ఒక్కటే కోరిక. ఆదివారం చర్చిల తండ్రి ఊదుతాంటె ఆయన లుంగీ పట్టుకొని నిలబడేది, ఆరాధన అయినంక ఇంటికొచ్చే తొవ్వల చెప్పేది. "నాయినా, నా పెండ్లికి మాత్రం బ్యాండు వద్దు. నువ్వొక్కనివే ఊదాలె. మేనమామ నా చెయ్యి పట్టుకొని తోలుకొస్తడు, నువ్వు ముందట నిలబడి ఊదుతాంటె నేను నీ దిక్కు నడుచుకుంట వస్త." పెరిగినంక గూడ ఆ మాట ఇడువలే. దావీదుకు కూడ లోపల అదే ఉండె. ఎవలెవలి బిడ్డల పెండ్లిండ్లకో ఊదిన, నా బిడ్డ నడిచేనాడు నేను ఊదేది వేరే ఉంటది అనుకునేటోడు. ఏ పాటో గూడ ఎంచి పెట్టుకున్నడు.

సంబంధం కూడ మంచిదే కుదిరింది. పిలగాడు సుందర్ రావు, కాజీపేటల రైల్వే నౌకరి. మర్యాదస్తులు, దావీదు ఏం పని చేస్తడో తెలిసే వచ్చిండ్లు, ఆయన ఊదుడు మెచ్చుకొనే పోయిండ్లు. ప్రధానం నాడు స్టూడియోల కెళ్లి ఫోటోలాయన వచ్చిండు, రంగుల ఫోటోలు తీసిండు. అప్పుడే ఓ మాటన్నడు. "పెద్దాయనా, నువ్వు జర నోరు మూసుకో, పండ్లు ఎర్రగ పడుతున్నయ్." నలుగురు నవ్విండ్లు. దావీదు కూడ నవ్విండు, నవ్వుకుంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు.

ఫోటోలు కడిగి తెచ్చిన్నాడు రాహేలు ఒక్కొక్కటి తిరగేసింది. అన్నిట్ల తండ్రి నోటికి చెయ్యి అడ్డం. ఒక్కదాంట్ల గూడ నాయిన నవ్వు లేదు. ఆ పిల్ల ఫోటోలు ఒళ్లె పెట్టుకొని ఏడ్చింది. "నా జీతం పైసలతోటి నీ పండ్లు బాగు చేపిస్త నాయినా. నా పెండ్లిల నువ్వు చెయ్యి అడ్డం పెట్టుకునుడు నేను చూడ."

"నాకేమైందే? మంచిగనే ఉన్నయి గదా, నొప్పా పాడా?" అన్నడు దావీదు.

"నొప్పుంటేనే చూపిచ్చుకుంటరా? నువ్వు నోరు మూసుకొని బతుకుడు నాకు నొప్పి."

బిడ్డ గంత మాటంటె ఏ తండ్రి కాదంటడు? సారమ్మ కూడ మురిసింది. "పోరాదయ్యా, అంత పానం పెడతాంది పిల్ల" అన్నది.

పండ్ల డాక్టరు దవాఖాన హన్మకొండల, కొత్తది. లోపల కూలరు, గోడకు ఫోటోలు. ఒకామె పాతనోరు, పక్కనే అదే ఆమె కొత్తనోరు. అద్దాల పెట్టెల సున్నపు దవడలు వరసగ పెట్టి ఉన్నయి. ఆ డాక్టరు కూతురు, రాహేలు చెప్పే క్లాసులనే చదువుతది. "రండి టీచర్, రండి" అని లేచి నిలబడ్డడు. దావీదు పానం పొంగింది. మా బిడ్డకు డాక్టరు లేచి నిలబడ్డడు!

"మా డాడీ సార్" అన్నది రాహేలు.

ఇంట్ల ఎన్నడు అనని మాట అది. దావీదు ఒక్క గడియ వెనకకు చూసిండు, ఇంకెవలన్న వచ్చిండ్లా అని.

డాక్టరు కుర్చీల పండబెట్టిండు, లైటు వేసిండు, సన్నటి ఇనుప పుల్లతోటి ఒక్కొక్క పన్నును కొట్టి చూసిండు. "చిగుళ్ళు బాగున్నాయి. పుచ్చు లేదు. రంగే సమస్య" అన్నడు.

"గార గీకితె పోదా సార్?" రాహేలు అడిగింది.

"పైన పట్టింది కాదమ్మా, పన్ను లోపలే ఉన్న రంగు. గీకినా పోదు. ఉంచుకుని ఏం లాభం? పైనా కిందా ముందు పళ్ళన్నీ తీసేసి సెట్ పెట్టేద్దాం. తెల్లగా, వరసగా ఉంటాయి. పదేళ్ళు చిన్నవారైపోతారు."

"మంచి పండ్లే గద సార్, తీస్తె ఏం కాదా?"

"ఏమవుతుంది? రోజూ తీస్తూనే ఉంటాం" అని నవ్వి, చేతులు కడుక్కుంట, ఏదో అడగాలె గాబట్టి అడిగినట్టు అడిగిండు. "మీ నాన్నగారు ఏం చేస్తుంటారు?"

రాహేలు చేతిసంచి పట్టీ సదురుకున్నది.

"వ్యవసాయం సార్."

దావీదు కుర్చీల పండుకొని ఉన్నడు, నోరు తెరిచే ఉన్నది. ఆ మాట చెవుల పడ్డది. వ్యవసాయమా? ఇంటెనుక ఒక్క మిరపచెట్టు పెట్టుకునే జాగ లేదు మనకు. బిడ్డ దిక్కు చూసిండు. బిడ్డ నేల దిక్కు చూస్తాంది. చెవులు ఎర్రగైనయి. అప్పుడు ఆయనకు అర్థమైంది. రాహేలు టీచర్ తండ్రి సడకుల మీద బ్యాండు కొడతడని బడిల పిల్లల తల్లిదండ్రులకు తెల్వొద్దు. రెండు నెలల కింద ఊరేగింపు ఆ బడి ముందటికెళ్లే పోయింది. గేటు కాడ పిల్లల నడుమ నిలబడ్డ రాహేలు మొఖం తిప్పుకున్నది. ఎండ కొట్టింది కావచ్చు అనుకున్నడు ఆనాడు. ఎండ కాదు.

నొచ్చిందా అంటె నొచ్చింది. గని ఆ పిల్ల మొఖం చూస్తె కోపం రాలే. దొరికిపోతనేమో అని పెదవి కొరుక్కుంటాంది పాపం. డాక్టరు ముందట నా బిడ్డ అబద్ధాలకోరు కావద్దు. దావీదు లేచి కూసున్నడు.

"అవ్ సార్. మక్కలు, పల్లికాయ" అన్నడు. "ఈయేడు జర వానలు తక్కువైనయి."

రాహేలు తల ఎత్తి చూసింది, మళ్ల దించుకున్నది.

"వ్యవసాయమేగా, ఇంకేం బెంగ!" అన్నడు డాక్టరు. "తినటం, మాట్లాడటం. నోటితో అంతకు మించి పనేముంది మీకు?"

ఊదొచ్చునా సార్? కొత్త పండ్లతోటి క్లారినెట్ ఊదొచ్చునా? ఆ ఒక్క మాట దావీదు నాలుక కొసకు వచ్చింది. అడగాలె. అడుగుతె డాక్టరు "క్లారినెట్ ఏంటి?" అంటడు. అప్పుడు బిడ్డ ఇజ్జత్ అక్కడనే, ఆ సిమెంటు నేల మీదనే పోతది. డాక్టరు ఇంటికి పోయి చెప్తడు, ఆయన పిల్ల బడిల చెప్తది. దావీదు ఆ మాటను గుటుక్కున మింగిండు. ఇంత చదువుకున్న డాక్టరు, ఏం కాదన్నడు గదా అని మనసుకు చెప్పుకున్నడు. చెప్పుకుంటె మనసు వింటదా? వినలే. గని కుర్చీల మళ్ల ఎనుకకు వాలిండు.

పుచ్చిన పన్నైతె ఊకనే వస్తదట. ఇవి వస్తయా? డాక్టరు మోకాలు కుర్చీకి ఆనిచ్చి గుంజిండు. నుదుటి మీద చెమటలు పట్టినయి. "అబ్బా, ఎంత గట్టిగా ఉన్నాయండీ! ఇలాంటి పళ్ళు ఈ మధ్య చూడలేదు" అన్నడు. అరే, ఏం మనిషివయ్యా నువ్వు! గట్టిగున్నయని నోటితోటి అంటనే ఉన్నవు, చేత్తోటి గుంజుతనే ఉన్నవు. నీ చెయ్యి ఎట్ల ఆడింది? ఇది నొప్పికి కాదు, జబ్బుకు కాదు, ఉట్టి అందానికి అని నీకు తెల్వదా? తెలుసు. తెలిసే, గోడకు ఇంకో ఫోటో వస్తదని గుంజిండు.

ఒక్కనాడు కాదు, తారీఖులిచ్చి పిలిచి పిలిచి తీసిండు. ప్రతిసారి రాహేలు బడికెళ్లి వచ్చి తండ్రి పక్కనే నిలబడ్డది, చెయ్యి పట్టుకున్నది. మూతికి గుడ్డ పెట్టుకొని రిక్షాల ఇంటికి తోలుకపోయింది, జావ తాపింది. ఆ పిల్ల ప్రేమల కల్తీ ఏం లేదు. ఉంటె ఈ కథల ఇంత బాధే లేకపోవు.

పుండ్లు మానినంక కొత్త సెట్ పెట్టిండు. తెల్లటివి, వరసటివి, కొత్త బకెట్ తీరు మెరుస్తానయి. ఇంటికి రాంగనే సారమ్మ నోటి మీద చెయ్యేసుకున్నది. "ఎవలయ్యా నువ్వు? మా ఆయన ఇంట్ల లేడు, మళ్ల రా పో" అని ఒకటే నవ్వుడు. రాహేలు చప్పట్లు కొట్టింది. "నవ్వు నాయినా, ఇంకోసారి నవ్వు!" దావీదు నవ్విండు. బిడ్డ మొఖంల ఆ సంబురం చూసి, పోతె పోనీ, నేను భయపడ్డదే ఎక్కువ అనుకున్నడు.

రాహేలు హాస్టలుకు పోయినంక క్లారినెట్ తీసిండు. నోట్ల పెట్టుకున్నడు. పై సెట్టు దాని మూతికి ఆనంగనే ఎనుకనుంచి లేచింది. మళ్ల ఒత్తుకున్నడు. ఊదిండు. మూతి మూలకెళ్లి గాలి బుస్సుమన్నది. బలం పెట్టిండు, బాతు కూసినట్టు ఓ కూత వచ్చింది. సారమ్మ మిషన్ ఆపి చూసింది.

"కొత్తయి గదా" అన్నడు దావీదు. "అలవాటైతది."

కాలే. సెట్టు తీసి ఉట్టి చిగుర్లతోటి ఊదిండు, చిగుర్లు కోసుకపోయినయి. సెట్టు కింద గుడ్డపేలిక పెట్టిండు. మైనం పెట్టిండు. పొద్దుగాల పొద్దుగాల రైలుపట్టాల అవతలికి పోయి, ఎవలు వినకుంట ఊదిండు. మీసాలు రానప్పుడు ఒక్క పూటల వచ్చిన సుతి, తలనెరిసినంక ఎంత ఏడ్చినా వస్తలేదు.

అప్పటికే నెక్కొండల ఓ పెండ్లి ఒప్పుకొని ఉండె. మేళంల సైడుడ్రమ్ము కొట్టే మొగిలి, దావీదుకు తమ్ముని లెక్క, "అన్నా, ఈ ఒక్కదానికి వేరేటోన్ని పిలుద్దామా?" అన్నడు. "ఏం వద్దు, ఎట్లనో గుంజుకొస్త" అన్నడు దావీదు. పెండ్లికొడుకును స్టేషన్ కాడికెళ్లి తోలుకపోతానరు. పట్టపగలు, నెక్కొండ బజారంత నిలబడి చూస్తాంది. మొదటి పాట ఎత్తుకున్నడు. రెండు స్వరాలు వచ్చినయి, మూడోదానికి సెట్టు ఊడి, క్లారినెట్ మూతి మీదికెళ్లి జారి, దుమ్ముల పడ్డది.

డప్పులు ఆగినయి. అందరు నవ్విండ్లు. ఎందుకు నవ్వరు? నవ్వొచ్చే పనే గదా. పెండ్లికొడుకు గూడ దస్తీ అడ్డం పెట్టుకొని నవ్విండు. దావీదు వంగి, దుమ్ముల చేతులు పెట్టి తన పండ్లు ఏరుకున్నడు. మొగిలి డ్రమ్ము కింద పెట్టి ఉరికొచ్చి, తన మెడల తువ్వాల తీసి ఆయన మూతికి అడ్డం పెట్టిండు. ఆ తువ్వాల ఎనుక దావీదు ఏడుస్తాండని మొగిలికొక్కనికే తెలుసు.

రైల్ల వచ్చేటప్పుడు మొగిలి కిటికీ చువ్వ పట్టుకొని పండ్లు కొరికిండు. "ఆ డాక్టరుగాని గల్ల పట్టి అడుగుత. క్లారినెట్ ఊదెటోని పండ్లు పీకుతావుర నువ్వు అని అడుగుత. రేపే పోదాం."

దావీదుకు కుర్చీల కూసోని ఆడిన అబద్ధం యాదికొచ్చింది. మొగిలి పోయి అడిగితె, ఆ డాక్టరు అంటడు: మీరు రైతన్నరు గదయ్యా, టీచరమ్మనే చెప్పింది అంటడు. అప్పుడు ఈ సంగతి మేళం అంతటికి తెలుస్తది. రాహేలు తండ్రి పని చెప్పుకోలేక అబద్ధమాడిందట అని రంగశాయిపేటంత అంటది.

"వద్దురా మొగిలి" అన్నడు. "నేను అడిగిన్రా ఆయన్ని. ఊదొచ్చునా అని అడిగిన. ఏం కాదన్నడు. ఆయనకు మాత్రం ఏం తెలుసు, అందాజకు చెప్పిండు. ఇడిచిపెట్టు."

"ఏం కాదన్నడా? అన్యాయంగ!"

"ఇడిచిపెట్టు అంటాన గదరా."

సారమ్మ అడిగితె అదే చెప్పిండు. "అడిగినవా నువ్వు?" "అడిగిన. ఏం కాదన్నడు." సారమ్మ కుట్టుమిషన్ మీద తల పెట్టుకొని ఆ డాక్టరుకు శాపనార్థాలు పెట్టింది. చర్చిల అయ్యగారు అడిగిండు, ఆయనకూ అదే. సారమ్మ పోరు పడలేక పెద్ద దవాఖానకు పోతె, అక్కడ ముసలి డాక్టరు, దావీదు ఊదుడు ఎన్నో పెండ్లిండ్లల్ల విన్నాయన, నోట్ల లైటేసి చాలాసేపు చూసిండు.

"యాక్సిడెంటా?"

"కాదు సార్."

"పుచ్చినయా? కదిలినయా?"

"లేదు సార్. రంగు బాగలేకుండె."

ఆయన లైటు ఆర్పి కుర్చీల కూసున్నడు. కోపంతోటి ఆయన మొఖం ఎర్రగైంది. "రంగుకు పండ్లు పీకుతరా? నీ పని నీ నోట్లనే ఉన్నదాయె. ఊదుతవని ఆయనకు చెప్పలేదా?"

"చెప్పిన సార్. ఏం కాదన్నడు."

"ఇగ చేసేదేం లేదు, దావీదూ. రోజు రోజుకు చిగురు అరుగుతది, సెట్టు ఇంకా వదులైతది. మొలకెత్తేటివి కాదు గదా."

గడపల కూసున్న సారమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. దావీదు ఆ డాక్టరుకు దండం పెట్టి వచ్చిండు. ఆనాటికెళ్లి అడిగినోళ్లందరికి ఒక్కటే మాట. అడిగిన, ఏం కాదన్నడు. చెప్పి చెప్పి ఆ మాట నోటికి అలవాటైపోయింది, ఆలోచించే పనే లేకపాయె. ఎన్నడన్న ఆయనకే అనిపించేది, నిజంగనే అడిగిన్నేమో అని.

రాహేలుకు మాత్రం తెల్వనియ్యలే. "పెండ్లి పిల్ల, మనసు చెడగొట్టొద్దు. అది నా మీద ప్రేమతోటి చేసింది. పెండ్లయినదాంక ఎవలు నోరిప్పొద్దు" అని సారమ్మతోటి, మొగిలితోటి ఒట్టు వేపిచ్చుకున్నడు. శనివారం పిల్ల వస్తె దగ్గున్నదని ఓసారి, రీడు పగిలిందని ఓసారి ఊదకుంట తప్పిచ్చుకున్నడు. నెక్కొండ సంగతి హన్మకొండ దాంక పోలే, పోకుంట మొగిలి చూసుకున్నడు. "నా పాట ప్రాక్టీస్ చేస్తానవా నాయినా?" అని అడిగితె, "చేస్తాన బిడ్డా" అనేటోడు. అదొక్కటి అబద్ధం కాదు. రైలుపట్టాల కాడికి పోవుడు ఆపలే ఆయన. ఒక్క పాట, ఒక్క చరణం, బిడ్డ గడపలకెళ్లి ముందటికి నడిచే అంతసేపు. ఎవల ముందటనో కాదు, దేవుని ముందట కూసోని అడిగిండు. ఆ ఒక్కనాడు ఊదనియ్యి ప్రభువా, తర్వాత ఈ కర్రను నేనే పొయిల పెడత. దేవుడు కూడ ఏం చేస్తడు?

పెండ్లి రోజు పొద్దుగాల చర్చి నిండ జనం. కాజీపేటోళ్లు ఓ దిక్కు, రంగశాయిపేటోళ్లు ఓ దిక్కు. పక్కనున్న చిన్న అర్రల రాహేలును తయారు చేసిండ్లు. తెల్లచీర, తలమీద ముసుగు, చేతిల పూలు. తండ్రిని పిలిపిచ్చింది, అందరిని బయటికి పంపిచ్చింది. ఆయన చేతిల క్లారినెట్ పెట్టె చూసి మొఖమంత నవ్వింది.

"సుందర్ వాళ్ల నాయినతోటి చెప్పిన. మా నాయిన ఊదేదాంక ఎవలు హార్మోనియం ముట్టొద్దు అని. అందరు నీ కోసమే చూస్తానరు." తండ్రి అంగి కాలరు సదిరింది. తర్వాత మెల్లగ అన్నది. "మా బడికెళ్లి టీచర్లు గూడ వచ్చిండ్లు నాయినా. పొద్దున అందరికి చెప్పిన. క్లారినెట్ ఊదేది మా నాయిననే అని చెప్పిన."

ఆ మాట వినుటానికి దావీదు ఎన్ని నెలల సంది బతికిండో! విన్నడు. ఇప్పుడు విన్నడు. చేతిల పెట్టె ఇనుపది అయినట్టు బరువైంది.

"బిడ్డా" అన్నడు. "నేను మామ జాగల నీ చెయ్యి పట్టుకొని నడుస్త. తండ్రులే నడుస్తరు గదా అందరికి."

"మరి పాట?"

"వస్తలేదు బిడ్డా."

"ఏంది వస్తలేదు?"

"ఊదుడు." పెట్టె బల్ల మీద పెట్టిండు. "ఈ పండ్లు నిలుస్తలెవ్వు. శానా తండ్లాడిన. పెద్ద దవాఖానకు గూడ పోయొచ్చిన. ఇగ రాదట. నీకు జెప్పద్దనుకున్న, గని ఇయ్యాల్ల దాగదాయె."

రాహేలుకు మొదట సమజ్ కాలే. తండ్రి నోటి దిక్కు చూసింది, పెట్టె దిక్కు చూసింది. "ఎప్పటి సంది?"

"అప్పటి సందే."

"అంటె... ఇగ ఎన్నడు ఊదవా?"

దావీదు పెట్టెను గోడ దిక్కు జరిపిండు. రాహేలు పూలు బల్ల మీద పెట్టేసింది. గొంతు లేచింది. "గంత పెద్ద డాక్టరాయె! ముందుగాల చెప్పొద్దా? నువ్వన్న అడగకపోతివా నాయినా, ఊదొచ్చునా అని?"

"అడిగిన బిడ్డా" అన్నడు దావీదు. "ఏం కాదన్నడు."

అలవాటుగ వచ్చింది ఆ మాట. మొగిలికి చెప్పినట్టే, సారమ్మకు చెప్పినట్టే, అడిగిన ప్రతి మనిషికి చెప్పినట్టే వచ్చింది. నోట్లకెళ్లి బయటపడ్డంక గని, ఎవలికి చెప్తానో ఆయనకు సోయి రాలే. కుర్చీ పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్నది ఈ పిల్లనే గదా. మొదటినాటి సంది ఆఖరి పన్ను దాంక, ఒక్కనాడు ఆ అర్రలకెళ్లి బయటికి పోలే. తండ్రి ఏం అడిగిండో, ఏం అడగలేదో, ఈ లోకంల తెలిసింది దానికొక్కదానికే.

రాహేలు తండ్రినే చూస్తాంది. రెప్ప కొడతలేదు. మక్కలు, పల్లికాయ, వానలు తక్కువైనయి సార్ అని కుర్చీలకెళ్లి లేచి చెప్పిన ఆ ముసలి గొంతు ఇప్పుడు వింటాంది కావచ్చు. ఎందుకు అడగలేదో, అడుగుతె ఎవల ఇజ్జత్ పోతుండెనో, ఒక్కొక్కటి ఆ కండ్లల్లకు దిగుతాంటె దావీదు చూసిండు. ఆపుదామని చెయ్యి చాపిండు.

"నాయినా" అన్నది. "నేను పక్కనే ఉంటి గదా."

"ఏమో బిడ్డా, యాదికి లేదు. పెద్దమనిషినైతి. పద, అందరు లేచి నిలబడ్డరు."

లోపల ఎవలో హార్మోనియం మీద చెయ్యేసిండ్లు. ఎంతసేపని చూస్తరు వాళ్లు మాత్రం? దావీదు బిడ్డ చెయ్యి తన చేతిలకు తీసుకున్నడు. సల్లగున్నది. ఇద్దరు గడప దాటిండ్లు. రెండు దిక్కుల జనం నడుమ, సుందర్ రావు నిలబడ్డ కాడికి, అడుగుల అడుగు వేసుకుంట నడిచిండ్లు. రాహేలు ఏడ్చుకుంట నడిచింది. ముసుగు తడిసిపోయేటట్టు, భుజాలు ఎగిరిపడేటట్టు, ఎక్కిళ్లు ఆగకుంట ఏడ్చింది. అయ్యగారు ప్రమాణం చెప్పుమంటె ఒక్క మాటకు మూడుసార్లు ఆగింది. తండ్రి ఎనుకకు జరిగినప్పుడు ఆయన చెయ్యి ఇడువలే, సారమ్మ వచ్చి ఏలు ఏలు ఊడదీయాల్సి వచ్చింది.

కాజీపేటోళ్ల దిక్కు ఆడోళ్లు కొంగులతోటి కండ్లు ఒత్తుకున్నరు. ఒకామె పక్కామెతోటి, "ఒక్కతే బిడ్డనట. పుట్టిల్లు ఇడిచిపోవుడంటె గంతే ఉంటది" అన్నది. సుందర్ రావు కూడ అదే అనుకున్నడు. దస్తీ తీసి ఇచ్చిండు.